బొంత కుదరాలంటే ముక్క కుదరాలి

పాత లుంగీలు, చిరిగిన చీరలు, టైలరు దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలు కలిపి బొంత కుట్టడం వేలూరు, గుడియాత్తం వైపు తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. అవ్వ ఉన్న ఇంట్లో ఆమె చేతి బొంత ఒకటి పెట్టెలోనో, మంచం కిందో మడిచి ఉంటుంది. ఆ పనినే బడిలో పిల్లల చేత చేయిస్తే కుట్టు కంటే ముందు కోత దగ్గరే చిక్కు వస్తుంది. నలభై చేతులు కోసిన ఎనభై ముక్కలు ఒకే కొలతలో ఉండాలి. అవి అలా ఉండేలా చూడడానికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. ఒక పలక, ఒక బద్దె, కొంచెం లెక్క చాలు.

ఈ లెక్క సంగతే తల్లిదండ్రులతో మాట్లాడాలనుకుంటున్నాం. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం తరువాత మన పిల్లలు ఒకటో తరగతి నుంచి తమిళం నేర్చుకుంటున్నారు. లెక్కలు మాత్రం తెలుగు మాధ్యమంలో చదువుతున్నారు. చాలా ఇళ్ళలో అమ్మానాన్నలు చదివింది తమిళంలో. ‘వికర్ణం అంటే ఏమిటో, లంబకోణం అంటే ఏమిటో మాకే తెలియదు, పిల్లలకు ఏం చెబుతాం?’ అని తల్లిదండ్రుల సమావేశాల్లో మాతో అంటూనే ఉంటారు. ఆ బెంగతోనే కొందరు పిల్లలను తెలుగు బడి మాన్పించాలనుకుంటారు. కానీ బొంత విషయంలో ఇంట్లో వాళ్ళకు తెలిసినంత మాకు తెలియదు. పుస్తకంలో మాటకూ ఇంట్లో పనికీ ఇక్కడ పొత్తు కుదురుతుంది.

అవ్వ జాన, మనవరాలి జాన

అవ్వను ముక్క ఎంత కొయ్యాలని అడిగితే ‘జానెడు’ అంటుంది. బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన దాకా చాచిన చెయ్యి జాన. మోచేతి నుంచి మధ్యవేలి కొన దాకా మూర. పాత లెక్కలో 4 వేళ్ళ వెడల్పు బెత్తెడు, 12 వేళ్ళు జాన, 24 వేళ్ళు మూర. పెద్దవాళ్ళ చేతికి మూర సుమారు 18 అంగుళాలు, రెండు మూరలు ఒక గజం. తమిళంలో ఇవే శాణ్, ముళం. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా వేలూరు, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవి. సరిహద్దుకు ఇటూ అటూ ఒకే రకం మాటలతో కొలుచుకున్న ప్రాంతం మనది.

తరగతిలో ప్రతి పిల్ల చేతా, పిల్లవాడి చేతా తన జానను స్కేలు మీద కొలిపించి నల్లబల్ల మీద రాయిస్తాం. ఒకరిది 15 సెంటీమీటర్లు, ఒకరిది 18. ఇంటికెళ్ళి అవ్వ జాన కొలుచుకొని రమ్మంటే అది ఇంకో అంకె. అవ్వ ఒక్కతే కోసి, ఒక్కతే కుడితే ఆమె జాన చాలు, ఎందుకంటే మొదటి ముక్కకూ చివరి ముక్కకూ చెయ్యి ఒకటే. నలభై మంది కోసేటప్పుడు అందరికీ కలిపి ఒక కొలబద్ద కావాలి. కొలబద్ద ఎందుకు పుట్టిందో ఇంతకంటే వివరించనక్కర్లేదు.

రెండు మిల్లీమీటర్లు ఎంత దూరం పోతాయి?

మేము పిల్లలకు ఇచ్చే కొలత ఇది. కుట్టిన తరువాత కనిపించే చదరం భుజం 15 సెం.మీ. నాలుగు వైపులా కుట్టుకు 1 సెం.మీ. వదలాలి. కాబట్టి కోసే చదరం భుజం 17 సెం.మీ. అడ్డానికి 8 ముక్కలు, నిలువుకు 10 వరుసలు, మొత్తం 80 ముక్కలు. బొంత 120 సెం.మీ. వెడల్పు, 150 సెం.మీ. పొడవు వస్తుంది.

ఇందులో ఒక మంచి ప్రశ్న ఉంది. 8 ముక్కలు పక్కపక్కన పేరిస్తే 136 సెం.మీ. కుట్టాక ఎంత తగ్గుతుంది? చాలామంది పిల్లలు 16 అంటారు. వరుసలో ముక్కలు 8 అయినా అతుకులు 7. అతుకుకు 2 సెం.మీ. చొప్పున 14 పోయి 122 మిగులుతుంది. చివర్ల మిగిలిన చెరో సెంటీమీటరు బొంత అంచు మడతలోకి పోతే అప్పుడు 120.

ఇప్పుడు ఒక వరుసలో ప్రతి ముక్కా 2 మి.మీ. ఎక్కువ కోశారనుకోండి. ఆ వరుస 16 మి.మీ. పెరుగుతుంది. కింది వరుసను కోసినవాళ్ళు ముక్కకు 2 మి.మీ. తక్కువ కోస్తే అది 16 మి.మీ. తగ్గుతుంది. రెండు వరుసలూ కలిపేటప్పుడు తేడా 3 సెంటీమీటర్లు దాటుతుంది. మూలలు కలవవు, లాగి కుడితే బొంత ముడతలు పడుతుంది. అప్పుడు విప్పి మళ్ళీ కుట్టడం కంటే మొదటి ముక్క దగ్గర స్కేలు పెట్టి చూడడం తేలిక. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు?

ముందు బట్టను సిద్ధం చేయాలి

కొత్త నూలు బట్ట తొలి ఉతుకులో కుదించుకుపోతుంది. ఎన్నోసార్లు ఉతికిన పాత లుంగీ ఇక కుదించుకోదు. రెండూ ఉతకకుండా కలిపి కుడితే తరువాత కొత్త ముక్క దగ్గర బొంత ముడుచుకుంటుంది. అందుకే కొత్త ముక్కలను ముందే నానబెట్టి, ఉతికి ఆరబెట్టాలి. ఎరుపు, ముదురు నీలం రంగులను విడిగా ఉతకాలి. రంగు దిగే మద్రాసు గళ్ళ బట్ట 1960లలో అమెరికాలో ‘బ్లీడింగ్ మద్రాస్’ అన్న పేరుతోనే అమ్ముడుపోయింది. చొక్కాకు అది అందమేమో కానీ, తెల్ల ముక్క పక్కన చేరితే బొంత పాడవుతుంది.

ఆరిన బట్టకు పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేయించాలి. మెత్తటి పాత బట్ట కత్తెర కింద జారుతుంది. గంజి పెట్టినది కాగితంలా నిలబడుతుంది. ఈ ఒక్క పనితో పిల్లల కోతలో సగం వంకర తగ్గుతుంది.

గుడియాత్తం లుంగీ చూపే దారి

గుడియాత్తం లుంగీల నేతకు పేరున్న ఊరు. గళ్ళ లుంగీలో రంగు నేతకు ముందే నూలుకు ఎక్కుతుంది. అందువల్ల గడిలోని ప్రతి గీతా ఒక దారం వెంటే నడుస్తుంది. నిలువు గీత పడుగు, అడ్డ గీత పేక. తమిళంలో పావు, ఊడు. అచ్చు వేసిన గళ్ళ బట్టలో ఈ భరోసా ఉండదు. అచ్చు వంకరగా పడితే గీత ఒక దారి, దారం ఒక దారి పోతాయి. బట్టను తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. నేత గళ్ళు రెండు వైపులా ఒకే తీరుగా కనిపిస్తాయి, అచ్చు గళ్ళు వెనక వెలిసి ఉంటాయి.

దారం వెంట కోసిన చదరం లాగినా పెద్దగా సాగదు. ఏటవాలుగా కోస్తే సాగుతుంది. 45 డిగ్రీల వాలులో సాగుడు అన్నిటికంటే ఎక్కువ. పలక మీద 17 సెంటీమీటర్లకు సరిపోయిన ముక్క, కుట్టేసరికి చదరం పోయి వాలిపోవడానికి కారణం ఇదే. బట్టల దుకాణంలో చిన్న గాటు పెట్టి బట్టను సర్రున చింపి ఇచ్చేదీ ఈ దారం దారినే. సాదా నూలు బట్టకు మొదటి అంచును అలా చింపి తీసుకోవచ్చు.

అయితే గళ్ళను లెక్కబెట్టి కొలత తీసుకోకూడదు. లుంగీకీ లుంగీకీ గడి వేరు. ఉతికాక నిలువు ఒక రకంగా, అడ్డం ఒక రకంగా తగ్గి ఉండవచ్చు. దారి చూపడానికి గడి, కొలవడానికి కొలబద్ద.

పలక, బద్దె, అడ్డుపట్టీ

అరవై సెంటీమీటర్ల పొడవైన ప్లైవుడ్ పలక ఒకటి తీసుకోవాలి. దాని ఒక అంచున సన్నని తిన్నటి చెక్క బద్దెను మేకులతో బిగించాలి. ఇంకో పలకను సరిగ్గా 17 సెం.మీ. వెడల్పుతో, పొడవుగా, వడ్రంగి చేత కోయించాలి. మందం తక్కువైతే మంచిది. ఆ వెడల్పును రెండు చివర్లా, నడుమా మూడు చోట్ల కొలిచి చూడాలి.

ఇక పని సులువు. బట్ట తిన్నటి అంచును బద్దెకు ఆనించాలి. 17 సెం.మీ. పలకను బట్ట మీద పెట్టి, దాన్నీ అదే బద్దెకు ఆనించాలి. పలక అవతలి అంచు వెంట గీత గీయాలి. ఇక్కడ ఎవరూ అంకె చదవనక్కర్లేదు. స్కేలు మీద 17 అనుకుని 16.8 దగ్గర చుక్క పెట్టే అవకాశమే ఉండదు. ముందు పొడవాటి పట్టీలు కోసి, తరువాత పట్టీని అడ్డం తిప్పి, తిన్నగా ఉన్న కొసను బద్దెకు ఆనించి చదరాలు కోయాలి.

నేమ్ బోర్డులు చేసే దుకాణంలో మిగిలిన ఆక్రిలిక్ ముక్క దొరికితే ఇంకో మార్గం ఉంది. దాని అడుగున, కోత అంచుకు 17 సెం.మీ. దూరంలో, పెళ్ళిపత్రిక అట్టతో సన్నటి అడ్డుపట్టీ అతికించాలి. బట్ట అంచు ఆ పట్టీకి తగలగానే కొలత సరిపోయినట్టు. ఆక్రిలిక్ గుండా గళ్ళు కనిపిస్తాయి కాబట్టి గీత దారం వెంటే ఉందో లేదో చూసుకోవచ్చు. విదేశాల్లో బొంతలు కుట్టేవాళ్ళు వాడే రూలర్ గైడులు పనిచేసేదీ ఇలాగే. వాళ్ళకు చక్రంలా తిరిగే బ్లేడు కూడా ఉంది. జపాన్ కంపెనీ ఓల్ఫా 1979లో దాన్ని తెచ్చింది. అది వేళ్ళను కూడా అంతే సులువుగా కోస్తుంది. బడికి కత్తెరే మేలు.

పెన్సిల్ మొన సన్నగా ఉండాలి, పలక అంచుకు ఆనుకుని ఉండాలి, ఒకే వాలులో పట్టుకోవాలి. మొద్దుబారిన సుద్దతో గీస్తే గీతే 2 మి.మీ. ఉంటుంది. గీత లోపలి వైపు కోయాలా, బయటి వైపు కోయాలా అన్నది ముందే చెప్పి, అందరి చేతా ఒకే వైపు కోయించాలి. రెండు పొరల కంటే ఎక్కువ పెట్టి కోయనివ్వకూడదు. ఎడమచేతి వాటం పిల్లలకు బద్దెను కుడి వైపు వచ్చేలా పలక తిప్పి ఇవ్వాలి. వాళ్ళ చేతిని మార్చకండి.

మూల సరిచూడడం

నాలుగు భుజాలూ 17 ఉన్నంత మాత్రాన అది చదరం కాదు, వాలిన ముక్కకు కూడా భుజాలు సమానంగానే ఉంటాయి. అప్పుడు మూల నుంచి ఎదురు మూలకు కొలవాలి. అదే వికర్ణం. రెండు వికర్ణాలూ సమానంగా ఉంటే మూలలు లంబకోణాలు.

మరి వికర్ణం ఎంత ఉండాలి? 17 × 17 = 289. రెండు భుజాలకు 578. 24 × 24 = 576. అంటే వికర్ణం 24 సెం.మీ. మీద వెంట్రుకవాసి. పిల్లలు స్కేలు పెట్టి సరిగ్గా 24 దగ్గర మూల తగలడం చూసినప్పుడు, పైథాగరస్ సిద్ధాంతం పరీక్ష కోసం బట్టీ పట్టే వాక్యంగా మిగలదు. యజ్ఞవేదికలను తాడుతో కొలవడానికి పుట్టిన బౌధాయన శుల్బసూత్రంలో కూడా చదరపు వికర్ణానికి లెక్క ఉంది. భుజానికి దానిలో మూడో వంతు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలిపి, చివర కొద్దిగా తీసేయమంటుంది. ఆ తీసివేతను పక్కన పెడితే 12 సెం.మీ. చదరానికి వికర్ణం 12 + 4 + 1 = 17.

ఒక లుంగీలో ఎన్ని ముక్కలు?

120 సెం.మీ. వెడల్పు, 200 సెం.మీ. పొడవు బట్ట ఉందనుకుందాం. వైశాల్యం 24,000. ముక్క వైశాల్యం 289. భాగిస్తే 83 వస్తుంది. కోస్తే మాత్రం 83 రావు. వెడల్పులో 7, పొడవులో 11, మొత్తం 77 ముక్కలే. మిగిలినది పీలికలుగా పోతుంది. ఇంకో సంగతి. నేత అంచు మిగతా బట్ట కంటే బిగువుగా ఉంటుంది కాబట్టి తీసేయాలి. రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు తీస్తే వెడల్పు 118. ఇప్పుడు 7 పట్టవు, 6 మాత్రమే. మొత్తం 66. రెండు సెంటీమీటర్లకు 11 ముక్కలు పోయాయి. అంచు తీసేసి కూడా 7 రావాలంటే ముక్క ఎంత ఉండాలి? ఈ లెక్కను పిల్లలకే వదలండి. జవాబు ఇంట్లో టైలరు పని చేసే నాన్నకు చప్పున తడుతుంది. దాన్ని తెలుగులో రాయడం బిడ్డకు వస్తుంది.

ఇంట్లో చేయగలిగింది

కోసిన ముక్కలు కుట్టాక, లోపల రెండు పొరల పాత చీర, అడుగున ఇంకో చీర పెట్టి, అన్నిటినీ కలిపి దూరపు కుట్టు వేయడం అవ్వలకు వదిలేయాల్సిన పని. మన ఎండలకు దూది నింపిన బొంత అక్కర్లేదు. వారానికి ఒక వర్క్ ఎడ్యుకేషన్ గంట చొప్పున కోతకు మూడు వారాలు, కుట్టుకు రెండు నెలలు పెట్టుకుంటే తొందర లేకుండా సాగుతుంది. మగపిల్లలను పక్కన కూర్చోబెట్టకండి. మగ్గం మీదా, టైలరు మిషన్ మీదా మగవాళ్ళు పని చేసే ఊళ్ళు మనవి.

తల్లిదండ్రులు ఈ వారం చేయాల్సింది చాలా చిన్న పని. ఉతికిన పాత లుంగీ ఒకటి బడికి పంపండి. పంపేముందు ఇంట్లో అందరి జానలూ, మూరలూ స్కేలుతో కొలిచి, పేరు పక్కన అంకె వేసి, బిడ్డ చేత తెలుగులో రాయించండి. తెలుగు చదవడం రాని అమ్మానాన్నలకు బిడ్డే చదివి వినిపిస్తుంది.