కదలకుండా కండ పట్టాలి

సికింద్రాబాద్‌కు దోమతో చుట్టరికం పాతదే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి చేత ఆ దోమలకు రక్తం తాగించి, కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. 1902లో నోబెల్ వచ్చింది. మలేరియా గుట్టు విప్పిన ఘనత ఎవరిదని రాస్‌తో గట్టిగా తగవుపడిన ఇటలీ శాస్త్రవేత్త గ్రాసి, సహచరుడు నోయెతో కలిసి 1900లో ఇంకో సంగతి బయటపెట్టాడు. కుక్కల గుండెలో పెరిగే పురుగును మోసుకొచ్చేదీ దోమేనని. రాస్ కథ మన పాఠ్యపుస్తకాలకు ఎక్కింది, కుక్క కథ ఎక్కలేదు.

ఆ పురుగు పేరు డైరోఫిలేరియా ఇమ్మిటిస్. మనుషులకు బోదకాలు తెచ్చే పురుగుకు దగ్గరి చుట్టం. దోమ కుట్టినప్పుడు చర్మంలోకి దిగిన పిల్లపురుగు ఆరేడు నెలల్లో పెద్దదై, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లో, ముదిరితే గుండె కుడిగదుల్లో కాపురం పెడుతుంది. ఆడపురుగు అడుగు పొడవు దాకా పెరుగుతుంది. చూడటానికి ఉడికించిన సేమ్యా పోగులా ఉంటుంది. కుక్క ఒంట్లో ఐదు నుంచి ఏడేళ్లు బతకగలదు.

వీధి నుంచి తెచ్చుకున్న బక్కకుక్క దగ్గుతోంది కదా అని వెంటనే గుండెపురుగేనని తేల్చేయకూడదు. మన దేశంలో ఇది ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. దక్షిణాదిలో దీని దాయాది, చర్మం కింద ఉండే రెపెన్స్ అనే పురుగే తరచుగా కనిపిస్తుంది. రెండింటి పిల్లలూ సూక్ష్మదర్శిని కింద ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే రక్తపు చుక్కలో పురుగు కదిలిందని సరిపెట్టుకోకుండా యాంటిజెన్ పరీక్ష కూడా చేయించాలి. ఇక డొక్కలు ఎండిపోవడానికి హైదరాబాద్, సికింద్రాబాద్ వీధుల్లో వేరే కారణాలకు కొదవ లేదు. పిడుదులు తెచ్చే జ్వరం ఉంది, పేగుల్లో కొంకిపురుగులున్నాయి, అన్నిటికన్నా ముందు ఆకలి ఉంది. ఒకే కుక్కలో ఇవన్నీ కలిసి ఉండటమూ మామూలే.

గుండెపురుగు అని తేలితే వైద్యం నెలల తరబడి సాగుతుంది. అమెరికా హార్ట్‌వార్మ్ సొసైటీ పద్ధతిలో మొదట నెలవారీ నివారణ మందు, దానితోపాటు నాలుగు వారాలు డాక్సీసైక్లిన్. పురుగు ఒంట్లోనే ఉంటూ దానికి అండగా నిలిచే వోల్బాకియా అనే బ్యాక్టీరియాను ఈ మాత్ర చంపుతుంది. మొదలుపెట్టిన రెండు నెలలకు మెలార్సోమిన్ సూది, మరో నెల ఆగి వరుసగా రెండు రోజులు రెండు సూదులు. ఇది ఆర్సెనిక్ మందు. మన దగ్గర అంత సులువుగా దొరకదు కాబట్టి చాలామంది డాక్టర్లు ఐవర్‌మెక్టిన్ తరగతి మందులు, డాక్సీసైక్లిన్‌తో నిదానంగా సాగే దారి పట్టాల్సి వస్తుంది. ఐవర్‌మెక్టిన్ దారి చూపిన కాంప్‌బెల్, ఒమూరాలకు 2015లో నోబెల్ దక్కింది. అయితే పశువుల కోసం అమ్మే సీసా తెచ్చి ఇంట్లోనే అంచనాగా పొడిచేయడం ప్రాణాంతకం. రక్తంలోని పిల్లపురుగులు ఒక్కసారిగా చస్తే కుక్క కుప్పకూలవచ్చు.

ఏ దారిలో వెళ్లినా, చచ్చిన పురుగు ముక్కలు ఊపిరితిత్తుల నాళాల్లో అడ్డుపడతాయి. కుక్క పరిగెత్తితే, ఎగిరితే రక్తం జోరు పెరిగి ప్రమాదమూ పెరుగుతుంది. సూది వేసిన 7 నుంచి 10 రోజుల మధ్య మరీ గండం. అందుకే వైద్యం జరుగుతున్నన్నాళ్లూ, చివరి సూది తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలూ మెడపట్టీ, కట్టుతాడు తప్పవు. ఆటలు, మెట్లు ఉండవు.

పెంచేవాళ్లకు చిక్కు ఇక్కడే. కండ పట్టాలంటే తిండీ కావాలి, ఒళ్లు కదలడమూ కావాలి. ఇక్కడ రెండోది నిషేధం. దానికి తోడు వాపు తగ్గడానికి ఇచ్చే ప్రెడ్నిసోలోన్ ఆకలిని రేపుతుంది గానీ ఎక్కువ రోజులు వాడితే ఉన్న కండను కరిగిస్తుంది. గుండె కుడివైపు దెబ్బతిన్న కుక్కకు పొట్టలో నీరు చేరుతుంది. త్రాసు మీద రెండు కిలోలు పెరిగిందని సంబరపడితే అది నీరు కావచ్చు. చేయి త్రాసు కన్నా నమ్మకమైనది. పక్కటెముకల మీద పల్చటి పొర తగులుతోందా, వెన్నుపూసకు అటూఇటూ గుంటలు నిండుతున్నాయా, నుదుటి పక్కన పల్లాలు పూడుతున్నాయా అని వారానికోసారి తడిమి చూడాలి. పక్కలు ఎండి పొట్ట ఒక్కటే ఉబ్బితే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

మొదటి సూదికి ముందున్న రెండు నెలలే తిండి పెట్టడానికి అసలైన అదను. మెలార్సోమిన్‌ను నడుం దగ్గర వెన్ను పక్క కండలోకి లోతుగా వేస్తారు. అక్కడ కండే లేకపోతే సూది వేయడమూ కష్టం, నొప్పీ ఎక్కువ. మోతాదు బరువును బట్టి ఉంటుంది గనుక సూది వేసే రోజు మళ్లీ తూచాలి.

అలాగని మొదటిరోజే గిన్నె నింపకూడదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆకలికి ఎండిన యుద్ధఖైదీల్లో కొందరు కడుపునిండా తిన్నాకే చనిపోయారు. ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి అందితే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి లాగేసుకుపోయి గుండె లయ తప్పుతుంది. గుండెలో పురుగున్న కుక్కకు ఇది రెట్టింపు ముప్పు. లెక్క సుఖంగా తెగుతుందని, ఇప్పుడు 16 కిలోలు తూగుతున్న కుక్కను తీసుకుందాం. ఊరికే పడుకున్నా దానికి రోజుకు సుమారు 560 కిలోకేలరీలు కావాలి. బాగా చిక్కిపోయిన కుక్కకు మొదటిరోజు ఇందులో పావు నుంచి మూడోవంతు, అదీ నాలుగైదు విడతలుగా పెట్టి, నాలుగైదు రోజుల్లో పూర్తి మోతాదుకు తేవాలి. ఆపైన డాక్టర్ చెప్పినట్టు మెల్లగా పెంచుకోవచ్చు.

గిన్నెలో ఏముండాలి? వంద గ్రాముల అన్నంలో 130 కిలోకేలరీలుంటాయి గానీ మాంసకృత్తులు రెండున్నర గ్రాములే. అన్నమే పెడితే కొవ్వు పడుతుంది, కండ పట్టదు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, అప్పుడప్పుడు కాస్త కార్జం కలపాలి. చేతినిండా పని ఉన్నవాళ్లకు కుక్కపిల్లల కోసం అమ్మే పొడి తిండే మేలు. కొద్ది తిండిలో ఎక్కువ శక్తి ఉంటుంది, కాల్షియం లెక్కా తప్పదు. మోండా మార్కెట్‌లో చవగ్గా వస్తుందని కోడిచర్మం దండిగా పెడితే క్లోమం వాచే ప్రమాదముంది. ఉల్లిపాయ, వెల్లుల్లి పడ్డ కూరలు కుక్క ఎర్రరక్తకణాలను చిదిమేస్తాయి. పురుగుల వల్ల ఇప్పటికే రక్తం తగ్గిన కుక్కకు నిన్నటి చికెన్ కూర పెట్టడం ప్రేమ అనిపించుకోదు. వండిన ఎముకలు చీలి పేగును గుచ్చుతాయి.

మన ఇళ్లలో ఎవరూ అనుమానించనిది పెరుగన్నం. కుక్క ఒంటికి పడేదే. కానీ పెరుగులోని కాల్షియం డాక్సీసైక్లిన్‌ను పట్టేసుకుని రక్తంలోకి పూర్తిగా వెళ్లనివ్వదు. మాత్రను చికెన్ అన్నంలో పెట్టి, పెరుగును రెండు మూడు గంటలు ఎడంగా పెడితే పేచీ లేదు. ఖాళీ కడుపున వేస్తే వాంతి అయ్యే అవకాశం ఎక్కువ. మాత్ర గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది కాబట్టి వెనకే కాసిని నీళ్లు తాగించాలి.

కట్టడి సడలాక నడక రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. నిజమైన కండ అప్పుడే మొదలవుతుంది. చివరి సూది వేసిన తొమ్మిది నెలలకు యాంటిజెన్ పరీక్ష మళ్లీ చేస్తారు. నెగెటివ్ వచ్చినా నెలవారీ మందు ఏడాది పొడవునా కొనసాగుతుంది.