కొల్లేటి గట్టున విలువిద్యయు, చట్టమును

గత సంవత్సరము పరీక్షలు ముగిసిన వారములో తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు నాయొద్దకు వచ్చి యొక ప్రశ్న వేసిరి. "మాస్టారూ, మేము పిట్టలను కొట్టుట లేదు. ఇది వేటకాలమును కాదు. చెఱువుగట్టుమీద అట్టముక్క నిలిపి బాణములు వేసికొనుచున్నాము. ఇందులో తప్పేమున్నది?"

తప్పేమియు జరుగని యెడల ఇట్టి ప్రశ్న పుట్టదని ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న నాకు తెలియును. మెల్లగా అడుగగా సంగతి బయటపడినది. వెదురువిల్లునుండి వెడలిన బాణమొకటి అట్టముక్కను తప్పి, గట్టు దాటి, పొరుగువారి చేపలచెఱువులో పడినది. ఆ గట్టు మలుపున గేదెలను తోలుకొని వచ్చుచున్న యొక ముసలమ్మకు బారెడు దూరమున అది దూసికొని పోయినదట. ఆమె కేకలకు చెఱువు యజమాని పరుగెత్తివచ్చి, విల్లు లాగుకొని, "ఈ గట్టు దాటినయెడల అభయారణ్యము. మీ తండ్రులను పిలిపించెదను" అని గద్దించెను. బాలురకు ముసలమ్మను గూర్చి కలిగిన భయముకంటె ఆ అభయారణ్యపు మాటవలన కలిగిన భయమే యెక్కువగా నుండెను. అది నాకంతగా నచ్చలేదు.

ఆనాడు వారికి సరియైన ప్రత్యుత్తరము నేనీయలేకపోతిని. పిదప చట్టపుస్తకములు తెచ్చుకొని చదివి, న్యాయవాదియైన మిత్రునితో రెండు సాయంకాలములు చర్చించితిని. తెలిసికొనిన సంగతులు విద్యార్థులకే గాక తల్లిదండ్రులకును పనికివచ్చునని తోచి ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందుగా నొక మాట. విలువిద్యను మాన్పించుట నా యుద్దేశము కాదు. మనకు పొరుగుననున్న విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ 2023వ సంవత్సరమున హాంగ్‌ఝౌ నగరములో జరిగిన ఆసియా క్రీడలయందు మూడు బంగారు పతకములు గెలిచినది మొదలు మన గ్రామములలో వెదురుబద్దలకు గిరాకి పెరిగినది. చూపు, ఊపిరి, ఓర్పు ఈ మూడింటిని ఒక్కటిగా నిలుపు విద్య యిది. లెక్కల తరగతిలో అయిదు నిమిషములు కుదురుగా కూర్చుండలేని బాలుడొకడు నారి లాగి గుఱిచూచునప్పుడు కదలకుండుట నేను కన్నులార చూచితిని.

ఇక "వేటకాలము" అను మాట. ఇది మన బాలురకు ఎక్కువగా ఇంగ్లీషు కథలనుండి వచ్చినది. కొన్ని దేశములలో ఫలానా నెలనుండి ఫలానా నెలవఱకు జింకలను, బాతులను వేటాడవచ్చునని నియమము గలదు. మిగిలిన నెలలలో వేటగాండ్రు గుఱి పలకలమీద అభ్యాసము చేసికొందురు. మనదేశమునను ఒకప్పుడు ఇట్టి పద్ధతి యుండెను. 1912వ సంవత్సరపు చట్టము ప్రకారము బాతులు, కొంగలు మొదలగు కొన్ని జాతులకు నిషిద్ధకాలమును ప్రకటించు అధికారము రాష్ట్ర ప్రభుత్వములకు ఉండెడిది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములో సయితము మొదట వేట లైసెన్సులు ఉండెను. 1991లో ఆ చట్టమును సవరించి లైసెన్సుల సెక్షనులను తీసివేసిరి. కాబట్టి నేడు మనకు వేటకాలమనునది లేనేలేదు. పండ్రెండు నెలలును నిషిద్ధకాలమే. "ఇది వేటకాలము కాదు గదా" యని చెప్పుకొనుటవలన బాలురకు కలుగు లాభమేమియు లేదు.

వేట యనగా చంపుట మాత్రమే యని తలంచువారు పలువురు. చట్టములో వేట నిర్వచనము విశాలమైనది. చంపుటయే గాక చంప యత్నించుటయు వేటయే. గాయపఱచుట, ఉచ్చుపెట్టుట, తఱుముట, ఎరవేయుటయు వేటలే. పక్షుల విషయములో గ్రుడ్లను పాడుచేయుటయు, గూళ్లను కదలించుటయు అందే చేరినవి. అందుచేత కొంగను చూచి విడిచిన బాణము తగులకపోయినను నేరము నేరమే. "తగులలేదు గదండీ" యని నాతో వాదించిన చిన్నవానికి ఈ వాక్యము ప్రత్యేకముగా వ్రాసితిని.

బాలుర ప్రశ్నకు అసలైన చిక్కు ఇచ్చటనే యున్నది. వారు పక్షిని కొట్టదలపలేదు, అట్టముక్కనే కొట్టుచుండిరి. అయినను విల్లు చేతనుండుటయే తప్పగు చోటు మన యూరికి దాపున నున్నది.

1959వ సంవత్సరపు ఆయుధముల చట్టములో మూడవ సెక్షను ప్రకారము లైసెన్సు కావలసినది తుపాకులవంటి అగ్న్యాయుధములకు. వెదురువిల్లు ఇంటనుంచుకొనుటకు ఎవరును ఆ లైసెన్సు అడుగరు. దీనినిబట్టి జనులు విల్లు ఆయుధమే కాదనుకొందురు. కాని వన్యప్రాణి చట్టము వేఱు. దాని రెండవ సెక్షనులో ఆయుధమను మాటకు అర్థము చెప్పుచు విల్లంబులను పేరుపెట్టియే చేర్చిరి. కత్తి, విషము, ఉచ్చు, చివరకు గాలము, వల కూడ ఆ పట్టికలో నున్నవి. వల ఆయుధమని చదివినప్పుడు కొల్లేటివాడనైన నాకు నవ్వువచ్చిన మాట నిజమే.

అదే చట్టము ముప్పదియొకటవ సెక్షను ఏమనుచున్నదనగా, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని ఆయనచేత అధికారము పొందినవారు గాని ముందుగా వ్రాతమూలమైన అనుమతి యిచ్చిననే తప్ప ఎవరును ఆయుధముతో అభయారణ్యములో ప్రవేశింపరాదు. వేటాడవలెనను తలంపు ఉన్నదా లేదా యను ప్రశ్న ఈ సెక్షనులో లేదు. ఏ నెలయను ప్రశ్నయు లేదు. విల్లు పట్టుకొని హద్దు దాటుటయే తప్పు. ఇందుకు మూడేండ్లవఱకు చెఱసాల గాని, లక్ష రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చుటచేత జరిమానా ఇంత పెరిగినది. అభయారణ్యములో వేటయే ఆడినయెడల శిక్ష మూడేండ్లకు తక్కువగాక యేడేండ్లవఱకు ఉండును. జరిమానా ఇరువదియైదు వేలకు తగ్గదు. నేరమునకు వాడిన ఆయుధమును, పడవను, బండిని సయితము అధికారులు స్వాధీనపఱచుకొందురు.

హద్దు ఎచ్చట నున్నది? అరణ్యమనగా మన పిల్లలకు చెట్లు, కొండలు తోచును. కొల్లేటిలో అవి లేవు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల నీరు చేరి, ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవు ఈ సరస్సును 1999లో ప్రభుత్వమువారు అభయారణ్యముగా ప్రకటించిరి. సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తుగల గీతవఱకు దాని వ్యాప్తి. దీనినే మనవారు అయిదవ కాంటూరు అందురు. విస్తీర్ణము సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగాను దీనిని గుర్తించిరి. ఈ గీతకు గోడలేదు, కంచెలేదు. గడ్డిదుబ్బులలోను, చెఱువుగట్లమీదను, వరిచేలలోను అది కంటికి కానరాక సాగిపోవును. ఈ గట్టున నిలిచి విడిచిన బాణము ఆ గట్టున పడుసరికి గీత దాటియుండవచ్చును. దానిని వెదకుటకు విల్లు భుజమున వేసికొనిపోయిన బాలుడును దాటినవాడే యగును.

కొందఱు తల్లిదండ్రులు "అది మా జిరాయితీ భూమి, మా పొలములో మా పిల్లవాడు ఆడుకొనిన అడ్డెవరు?" అని యడిగిరి. అభయారణ్యపు హద్దులలో స్థిరాస్తిహక్కు గలవారు లోనికి పోవుటకు ఇరువదియేడవ సెక్షను సెలవిచ్చుచున్న మాట సత్యమే. కాని ఆ సెలవు మనుష్యునకే. చేతిలోని ఆయుధమునకు కాదు. పోవుటకు హక్కు ఒకటి, విల్లు తీసికొనిపోవుటకు అనుమతి వేఱొకటి. కావున గీతకు సమీపమున భూమిగలవారు అటవీశాఖవారిని కలిసికొని తమ సర్వే నంబరు లోపలనున్నదో, వెలుపలనున్నదో ముందుగా తెలిసికొనుట మేలు. కరణముగారి నోటిమాటతో పని జరుగు దినములు పోయినవి.

పుట్టువుతోనే విల్లు పట్టువారికైనను ఈ విషయములో మినహాయింపు లేదు. విశాఖ మన్యమున చైత్రమాసములో ఇటుకల పండుగనాడు పురుషులు వేటకు వెళ్లుట తరతరముల ఆచారము. గిరిజనులకు అడవిపై హక్కులిచ్చిన 2006వ సంవత్సరపు చట్టము సయితము ఇతర సంప్రదాయహక్కులను గుర్తించుచు, వేటాడు హక్కును మాత్రము స్పష్టముగా మినహాయించినది. ఇది న్యాయమా యను చర్చకు ఈ పత్రికలో స్థలము చాలదు. అయితే ఆకలికై విల్లు పట్టినవానికి లేని సెలవు వినోదమునకై పట్టిన మనకు దొరకదని మాత్రము చెప్పగలను.

గీతకు వెలుపల, ఊరిలో, స్వంత దొడ్డిలో అభ్యాసము చేయుటను ఈ చట్టము అడ్డగింపదు. అచ్చట ముసలమ్మ మాట ముందునకు వచ్చును. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షను ప్రకారము, ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు అజాగ్రత్తగా ప్రవర్తించుటయే నేరము, గాయము తగులనక్కరలేదు. గాయమైన శిక్ష పెరుగును. ప్రాణమే పోయినయెడల 106వ సెక్షను క్రింద అయిదేండ్లవఱకు శిక్ష గలదు. పదునెనిమిదేండ్లు నిండని బాలుని విషయము బాలల న్యాయమండలి యెదుటికి పోవునే గాని, నేరము లేకుండ పోదు. ఇవిగాక, ఎన్నికలప్పుడును అలజడులప్పుడును ఆయుధములు పట్టుకొని తిరుగరాదని అధికారులు ఉత్తరువులు చేయుదురు. ఆ దినములలో విల్లు ఇంటనే యుండవలెను.

అయితే సంహితలోని 18వ సెక్షను చక్కని రక్షణ నిచ్చుచున్నది. న్యాయమైన పనిని న్యాయమైన రీతిగా, తగిన జాగ్రత్తతో చేయుచుండగా దైవవశమున ప్రమాదము జరిగినయెడల అది నేరము కాదు. అంతయు "తగిన జాగ్రత్త" అను మాటమీదనే ఆధారపడియున్నది. దశరథమహారాజు చీకటిలో కుండ మునుగు శబ్దము విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలంచి బాణము వేసెను, చనిపోయినది మునికుమారుడు. నేటి న్యాయస్థానము ఆయనను మొట్టమొదట అడుగు ప్రశ్న, "గుఱిని కంటితో చూచితివా?" అని. కొల్లేటి తుంగలో కదలిక విని బాణము వేయువానికిని అదియే ప్రశ్న. మన పరిశుద్ధగ్రంథములో యోనాతాను తన పనివాడు ముందు పరుగెత్తుచుండగా వానిని మించి పడునట్లు బాణము వేసిన సంగతి ఆదివారపు బడి పిల్లలందఱు ఎఱుగుదురు. యోనాతాను గొప్ప విలుకాడు, అతని స్నేహము ఇంకను గొప్పది. కాని మా ఆటస్థలములో అట్లు చేయనిచ్చుట లేదు.

ఈ సంవత్సరము మా పాఠశాలలో శనివారము సాయంకాలములయందు అభ్యాసము ఏర్పాటుచేసితిమి. వరిగడ్డిని గట్టిగా మోపులు కట్టి గుఱి నిలిపి, దాని వెనుక మనిషి యెత్తు మట్టికట్ట వేయించితిమి. ఎండ కంటబడకుండ గుఱి ఉత్తరపు వైపున నున్నది. పోటీలలో మామూలు విల్లునకు 70 మీటర్ల దూరమును, కప్పీలుగల విల్లునకు 50 మీటర్లును పెట్టుదురు. మా పిల్లలకు ప్రస్తుతము 15 మీటర్లు చాలును. 70 మీటర్ల విల్లును పైకెత్తి విడిచిన బాణము అందుకు రెట్టింపు దూరము మించి పోగలదు గనుక ఆకాశమువైపు ఎక్కుపెట్టిన వాని విల్లు ఆ నెలంతయు నా బీరువాలో నుండును. ఈల వేయువఱకు ఎవ్వరును గీత దాటి బాణములకై పోరాదు. తండ్రి గాని తల్లి గాని సంతకము చేసిన కాగితము లేనిదే ఎవరికిని విల్లు ఈయబడదు.

అన్నిటికంటె పిల్లలకు విసుగు పుట్టించునది బాణముల లెక్క. మొదటను, చివరను లెక్కపెట్టి, ఒకటి తక్కువైన అందఱును వెదకవలసినదే. చేపలు పట్టు దినమున మనుష్యులు నడుములోతు నీటిలో దిగి, పాదములతో బురద తడవుచు వల లాగుదురు. ఆ బురదలో ములికి పైకి నిలిచిన బాణము ఒక్కటి చాలును.

నలుగురు బాలురును ముసలమ్మ యింటికి పోయి క్షమాపణ చెప్పుకొనిరి. ఆమె వారిని కడుపార తిట్టి, మజ్జిగ యిచ్చి పంపినదట. చెఱువు యజమాని విల్లు తిరిగి యిచ్చెను. బాణము మాత్రము ఇంకను దొరకలేదు. వేసవిలో చెఱువు ఎండగట్టినప్పుడు వచ్చి వెదకికొండని ఆయన చెప్పియున్నారు. ఆ దినమున నేనును వారితో పోవలసియున్నది.