అప్పయ్య మ్రొక్కు

సికింద్రాబాదు నగరమున రాంగోపాల్‌పేట ప్రాంతమందు జనరల్ బజారు చెంత ఉజ్జయినీ మహంకాళి దేవాలయము కలదు. ఆషాఢమాసమున ఒక ఆదివారమునాడు ఇచ్చట లష్కరు బోనాలు జరుగును. పసుపు పూసి, వేపమండలు చుట్టి, పైన దీపము నిలిపిన బోనములను తలకెత్తుకొని స్త్రీలు బారులు తీరుదురు. గంటల కొలది వరుసలో నిలువవలసిన ఆ వేళ, పిల్లలకు పెద్దలు చెప్పు కథ యొకటి యున్నది.

సురిటి అప్పయ్య అనునతడు సైన్యములో డోలీ మోయు సేవకుడు. 1813వ సంవత్సరమున అతని పటాలము ఉజ్జయినికి తరలిపోయెను. అప్పుడు గత్తర ప్రబలి జనులు పిట్టలవలె రాలిపోవుచుండిరట. అప్పయ్య అచ్చటి మహాకాళి సన్నిధిని నిలిచి, ఆ వ్యాధి శమించినచో తన యూర ఆమెకు గుడి కట్టింతునని మ్రొక్కెను. 1815లో మరలివచ్చి కట్టెతో చేసిన విగ్రహమును నిలిపెను. తరువాతి కాలమున దాని స్థానమున శిలావిగ్రహము ప్రతిష్ఠింపబడెను.

ఈ కథను పలువురి నోట విన్నవారికి ఒక సందేహము కలుగక మానదు. రోగము పుట్టిన దెచ్చట? ఉజ్జయినిలో నని కొందరందురు. కాదు, ఇచ్చటనే హైదరాబాదు, సికింద్రాబాదులలో జనులు చచ్చుచుండగా, ఆ వార్త విని దూరదేశమున నున్న సైనికులు మ్రొక్కిరని మరికొందరందురు. కలరా యని ఒకరు, ప్లేగు అని మరియొకరు. మ్రొక్కినది పటాలమంతయు నని కొందరు, అప్పయ్య ఒక్కడే యని కొందరు. కలరా దేశదేశములకు ప్రాకుట 1817లో వంగదేశమునుండి మొదలైనదని చరిత్రకారులు వ్రాసిరి. అంతకు ముందును అక్కడక్కడ ఆ వ్యాధి యుండెను గనుక, దీనినిబట్టి కథ కల్ల యనరాదు.

ఇట్టి మార్పులు బొంకువలన కలుగునవి కావు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున బార్ట్‌లెట్ అను పండితుడు అమెరికా ఆదివాసుల కథ నొకదానిని ఇంగ్లండువారిచే చదివించి, కొన్ని దినములకు, కొన్ని నెలలకు మరల మరల చెప్పించెను. కథ పొట్టిదయ్యెను, వారెరుగని వింతలు జారిపోయెను, ఆదివాసుల దోనె వారి నోట మామూలు పడవగా మారెను. 1932లో అతడు ప్రకటించిన గ్రంథమున ఈ సంగతి యున్నది. జ్ఞాపకము పెట్టెలో దాచిన నగ కాదు. తలచినప్పుడెల్ల మరల కట్టుకొను ఇల్లు.

గుండెను కదిలించిన సంఘటనయైనచో చెక్కుచెదరదని పలువురి నమ్మకము. అదియు నిజము కాదు. 1986 జనవరి 28న అమెరికావారి ఛాలెంజర్ అంతరిక్షనౌక పేలి ఏడుగురు మరణించిరి. మరునాటి ఉదయమే నైసర్ అను ఆచార్యుడు, ఆ వార్తను ఎట్లు వింటిరో వ్రాయుడని తన విద్యార్థుల నడిగెను. మూడేండ్లు నిండకముందే వారిలో 44 మందిని మరల అడుగగా, 11 మంది చెప్పినది మొదటి వ్రాతతో ఏ ముఖ్యాంశమునను పొసగలేదు. తమ చేవ్రాత చూపినను కొందరు నమ్మలేదు. తప్పు కాగితముదే గాని తమది కాదనుకొనిరి!

మరి అప్పయ్య కథలో రోగపుటూరు మారిన నేమగును? చాలనే మారును. వ్యాధి ఉజ్జయినిలో నున్నచో అతడు తన ప్రాణమునకును తోడివారి ప్రాణములకును భయపడిన మనుష్యుడు. వ్యాధి ఇచ్చట నున్నచో, ఆలుబిడ్డలు బ్రతికియున్నారో లేదో తెలియక, పోయి చూడ వీలులేక తల్లడిల్లిన మనుష్యుడు. రెండును దుఃఖములే గాని ఒకటి కావు. ఇంటివారిని దూరముగా విడిచి కొలువు చేసినవారికి రెండవ కథ దగ్గరగా తోచుట సహజము. అయినను భయము, మ్రొక్కు, తిరిగివచ్చుట — ఈ మూడు మాత్రము ఎవరి నోటను తప్పిపోవు.

2020లో కరోనా వ్యాపించినప్పుడు ఈ గుడి వీధులలో బోనాల జనసమ్మర్దము లేదు. అర్చకులు లోపల పూజలు జరిపిరి. భక్తులు ఇండ్లలోనే బోనములు సమర్పించుకొనిరి. ఆ యేడు ఇంటి గడప దాటక బోనము చూచిన పిల్లలు ఇప్పుడు ఎదుగుచున్నారు. అప్పయ్య కథను చెప్పవలసిన వంతు రేపు వారిది.