డిస్కు పోతే ఇంకోటి కొంటాం... పెళ్లి వీడియో పోతే?

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే ద్వారకాతిరుమలలో పెళ్లిసందడి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ తీసిన ఫొటోలు, వీడియోల్లో కొన్ని తెల్లారేసరికి జంగారెడ్డిగూడెంలో ఏదో ఒక స్టూడియోకి ఎడిటింగ్‌కు చేరతాయి. ఆ కంప్యూటర్ ముందు డిగ్రీ చదువుకుంటూ పార్ట్‌టైం చేస్తున్నది మీరే అనుకోండి. అన్ని డ్రైవులూ ఎర్రగీత చూపిస్తున్నాయి. ఓనరు వచ్చి అడుగుతాడు: ‘‘తమ్ముడూ, ఈ సిస్టంలోనే ఇంకో నాలుగు డిస్కులు బిగించమంటావా, లేకపోతే ఆ నెట్‌వర్క్ డబ్బా ఏదో వచ్చిందంటగా, అది కొనమంటావా?’’

రేపు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సిస్టం అడ్మిన్, డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంటర్వ్యూకు వెళ్లినా మాటలు మార్చి ఇదే ప్రశ్న వేస్తారు. ‘రెయిడ్‌కీ, నాస్‌కీ తేడా ఏంటి?’ అని. చాలామంది రెండింటి పూర్తి పేర్లూ గడగడా చెప్పేసి ఆగిపోతారు. ఎదుటివాళ్లు వినాలనుకునేది అది కాదు. ఏ అవసరానికి ఏది, ఎందుకు అన్నది.

ముందు కాగితం మీద లెక్క

డబ్బా పేరు చెప్పే ముందు ఎంత డేటా వస్తుందో లెక్కేయండి. 4కే వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, ఒక్కోటి అయిదు గంటలు తిరిగితే 450 జీబీ. రా ఫార్మాట్‌లో ఒక్కోటి 30 ఎంబీ ఉండే ఫొటోలు 3 వేలు తీస్తే ఇంకో 90 జీబీ. అంటే ఒక్క పెళ్లికి 540 జీబీ! ముహూర్తాల్లో ఎనిమిది పెళ్లిళ్లు ఒప్పుకుంటే 4 టీబీ దాటిపోయింది. పైగా 4 టీబీ డిస్కు కొంటే విండోస్‌లో 3.63 అనే కనిపిస్తుంది. షాపువాడు మోసం చేయలేదు. తయారీదారు 1000తో లెక్కేస్తే, విండోస్ 1024తో లెక్కేస్తుంది. ఇది కూడా ఇంటర్వ్యూల్లో పనికొచ్చే ముక్కే.

లోపలే బిగిస్తే...

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కట్జ్ 1988లో ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్నింటిని కలిపి వాడొచ్చన్నది దాని సారాంశం. రెయిడ్ అన్న పేరు అక్కడిదే. మొదట్లో అందులో ‘ఐ’ అంటే ఇన్‌ఎక్స్‌పెన్సివ్. తర్వాత పరిశ్రమ దాన్ని ఇండిపెండెంట్‌గా మార్చుకుంది.

నాలుగు డిస్కులు, ఒక్కోటి 4 టీబీ ఉన్నాయనుకుందాం. రెయిడ్ 0లో మొత్తం 16 టీబీ వాడుకోవచ్చు, వేగమూ బాగుంటుంది. కానీ ఒక్క డిస్కు పోతే నాలుగిట్లో ఉన్నదీ గోవిందా. రెయిడ్ 5లో 12 టీబీ దొరుకుతుంది, ఒక డిస్కు పోయినా పని నడుస్తుంది. రెయిడ్ 6లో 8 టీబీ, ఏ రెండు పోయినా ఫర్వాలేదు. రెయిడ్ 10లోనూ 8 టీబీనే. జతలు జతలుగా నకళ్లుంటాయి కాబట్టి పాడైన డిస్కును మార్చాక కోలుకోవడం తేలిక. రెండే డిస్కులుంటే రెయిడ్ 1, అంటే ఒకదానికి ఇంకోటి అద్దం.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. డిస్కు పోవడం కంటే, కొత్తది పెట్టాక జరిగే పునర్నిర్మాణమే అసలు గండం. 8 టీబీ డిస్కు సెకనుకు 150 ఎంబీ చొప్పున నిండినా దాదాపు 15 గంటలు పడుతుంది. అంతసేపూ మిగతా డిస్కులన్నీ ఆపకుండా చదువుతూనే ఉండాలి. అవీ ఒకే రోజు కొన్నవి, ఒకే వయసువి అయితే? రెయిడ్ 5లో ఆ సమయాన ఇంకోటి మొరాయిస్తే అంతే సంగతులు. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో మన ఊళ్లవాళ్లకు వేరే చెప్పాలా? యూపీఎస్ లేకుండా రెయిడ్ 5 జోలికి వెళ్లొద్దు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి. మొదట్లో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేటప్పుడు నాలుగు డిస్కుల్లో ఒకటి పాడైందని మెసేజ్ వచ్చింది. హుషారుగా క్యాబినెట్ విప్పి, డిస్కు పీకి, కొత్తది పెట్టాను. నేను పీకింది బాగున్న డిస్కుని! ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. అప్పట్నుంచీ ప్రతి డిస్కు మీదా సీరియల్ నంబరు చివరి నాలుగంకెలు పెద్దగా రాసి అతికిస్తున్నాను. మీరూ మొదటిరోజే చేసేయండి.

బయట పెడితే...

నాస్ అంటే నెట్‌వర్క్ అటాచ్‌డ్ స్టోరేజ్. ఇదీ ఓ చిన్న కంప్యూటరే. డిస్కులు పట్టుకుని కూర్చుని, వైరు ద్వారా అడిగిన వాళ్లకు ఫైళ్లు అందిస్తుంది. దాని లోపల డిస్కుల్ని కలిపేది మళ్లీ రెయిడ్ పద్ధతే. కాబట్టి ‘రెయిడా, నాసా’ అన్న ప్రశ్నే కాస్త వంకర. డిస్కులు ఎక్కడ ఉండాలి, ఎంతమంది వాడాలి అన్నది సరైన ప్రశ్న. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట అన్నారంటే అవతలివాళ్లు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.

నాస్‌కు అడ్డుపడేది నెట్‌వర్కే. గిగాబిట్ లైన్ మీద సెకనుకు 110 ఎంబీకి కాస్త అటూఇటూగా వస్తుంది. మన 540 జీబీ పెళ్లిని కాపీ చేయడానికి గంటా ఇరవై నిమిషాలు. 2.5 గిగాబిట్ లైను వేసి, రెండువైపులా డిస్కులు ఆ వేగాన్ని అందుకుంటే అరగంట. మూలన పడి ఉన్న 100 మెగాబిట్ల పాత స్విచ్ మధ్యలో ఉందో, పదమూడు గంటలు! కేబుల్లో ఒక్క తీగ తెగినా వేగం ఇలాగే పడిపోతుంది. ‘నాస్ స్లోగా ఉందండీ’ అని ఎవరన్నా ఫిర్యాదు చేస్తే ముందు స్విచ్, కేబుల్ చూడండి. వైఫై మీద 4కే ఎడిటింగ్ గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

మరి ఓనరుకు ఏం చెప్పాలి? ఎడిటింగ్ చేసేది ఒక్క సిస్టమే అయితే లోపలే పెట్టించండి. ఎడిటింగ్ జరుగుతున్న పెళ్లికి ఒక ఎస్ఎస్‌డీ, పూర్తయినవాటికి రెండు హార్డ్‌డిస్కులు రెయిడ్ 1లో. డబ్బూ తక్కువ, వేగమూ ఎక్కువ. ఆల్బమ్ డిజైన్ ఒకరు, వీడియో ఇంకొకరు చేస్తుంటే, పెన్‌డ్రైవ్‌లు చేతులు మారుతుంటే మాత్రం నాస్‌కు వెళ్లాల్సిందే. నాస్ డబ్బాలు మామూలుగా డిస్కులు లేకుండానే అమ్ముతారు, ఆ ఖర్చు వేరేగా ఉంటుందని ఓనరుకు ముందే చెప్పండి. మదర్‌బోర్డులో ఇచ్చే రెయిడ్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. బోర్డు కాలిపోతే అలాంటి బోర్డు కోసమే వెతుక్కోవాల్సి రావచ్చు. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్‌తో చేసినదైతే డిస్కులు తీసి ఇంకో లినక్స్ సిస్టంకు తగిలిస్తే చాలావరకు లేచి కూర్చుంటుంది.

‘రెయిడ్ ఉందిగా సార్, బ్యాకప్ ఎందుకు?’

ఇంటర్వ్యూలో ఈ మాట అన్నవాళ్లు బయటకు వచ్చేసినట్టే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ ఆ డిలీట్‌ను కూడా అన్ని డిస్కుల్లోనూ నమ్మకంగా అమలు చేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో గ్రౌండ్‌ఫ్లోర్లు మునిగిపోయాయి. నీళ్లలో మునిగిన క్యాబినెట్‌లో రెండు డిస్కులుంటేనేం, ఎనిమిదుంటేనేం? కొల్లేటి చుట్టుపక్కల స్టూడియో పెట్టినవాళ్లు డబ్బాను బల్ల కింద నేలమీద పెట్టకపోవడమే మొదటి జాగ్రత్త.

ఇది చిన్న షాపుల కష్టమే అనుకోకండి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్లో మంటలు లేచాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టెరాబైట్ల సమాచారం బుగ్గయింది. మరీ పెద్దది కావడంతో దానికి బయట ఎక్కడా బ్యాకప్ లేదట! అంత సాంకేతికత ఉన్న దేశంలో.

నాస్‌కు ఇంకో ప్రమాదం ఉంది. ఇంటి నుంచి కూడా ఫైళ్లు చూసుకోవచ్చు కదా అని రౌటర్లో పోర్టు తెరిచి నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేస్తుంటారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ అలా బయటకు కనిపిస్తున్న క్యూన్యాప్ నాస్‌ల మీదే పడి, ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ వాడండి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరేచోట అన్నది ఈ రంగంలో అందరూ చెప్పే 3-2-1 సూత్రం. స్టూడియోకు అది ఎలా కుదురుతుందంటే, సిస్టంలో ఒకటి, నాస్‌లో ఒకటి, వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్కులో ఎక్కించి ఓనరు ఇంటి బీరువాలో ఒకటి. కాపీ అయ్యాక ఆ డిస్కును పీకేయాలి. తగిలించి వదిలేస్తే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ పట్టుకుంటుంది.

రూపాయి పెట్టకుండా నేర్చుకోవాలంటే

ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు సర్వర్ ఎక్కించండి. 5 జీబీ వర్చువల్ డిస్కులు నాలుగు తగిలించి, ఎండీఏడీఎం కమాండ్‌తో రెయిడ్ 5 కట్టండి. కొన్ని ఫొటోలు వేయండి. ఇప్పుడు మెషీన్ ఆపి ఒక డిస్కు తీసేయండి. ఫొటోలు తెరుచుకుంటున్నాయా? కొత్త డిస్కు చేర్చి ఎంతసేపట్లో కోలుకుందో రాసుకోండి. తర్వాత కావాలనే రెండు తీసేసి, ఎలా కుప్పకూలుతుందో కూడా చూడండి. ఆ మెషీన్లోనే సాంబా పెట్టి ఫోల్డర్‌ను షేర్ చేస్తే మీ నాస్ తయారైనట్టే. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే ఓపెన్‌మీడియావాల్ట్ ఉచితంగా దొరుకుతుంది. ట్రూనాస్ వేయాలంటే కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్ష రాసే ఆలోచన ఉంటే, డిస్కుల విభజన, ఎల్‌వీఎం, ఎన్ఎఫ్ఎస్ అందులోనూ వస్తాయి కాబట్టి ఈ సాధన వృథా పోదు.

రెజ్యూమేలో ‘నాలెడ్జ్ ఆఫ్ రెయిడ్’ అని రాసి వదిలేయొద్దు. ‘నాలుగు డిస్కుల రెయిడ్ 5 నిర్మించాను, ఒక డిస్కు తీసేసి ఇన్ని నిమిషాల్లో పునరుద్ధరించాను, వేరే డిస్కులోని బ్యాకప్ నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చి సరిచూశాను’ అని రాయండి. ఆ చివరి ముక్క ముందు నిజంగా చేసి చూశాకే రాయండి. ఎందుకంటే ‘ఎలా సరిచూశారు?’ అన్నదే వాళ్ల తర్వాతి ప్రశ్న.