అటకెక్కిన గాజు గాలం

ఫ్లై ఫిషింగ్‌లో వాడే సన్నని, పొడవాటి గాలపు కర్రను గడిచిన నూట యాభై ఏళ్లలో ముఖ్యంగా మూడింటితో చేశారు: చీల్చి అతికిన వెదురు, ఫైబర్‌గ్లాస్ (గాజు పోగు), కార్బన్. వెదురు రాడ్‌ను ఇప్పటికీ గొప్ప చేతిపనిగా గౌరవిస్తారు, అద్దాల బీరువాలో దాచుకుంటారు. దుకాణాల నిండా ఉన్నది కార్బన్ రాడ్. మధ్యలో పాతికేళ్లు రాజ్యమేలిన ఫైబర్‌గ్లాస్‌కు అటు గౌరవమూ దక్కలేదు, ఇటు గిరాకీ నిలవలేదు. అమెరికాలో ఇళ్ల ముంగిట జరిగే పాత సామాన్ల అమ్మకాల్లో విరిగిన కుర్చీల పక్కన చేరగిలబడి కనిపించే రాడ్లు చాలావరకు ఇవే. వీటిని వెతికి కొనేవాళ్లను చూసి, తాతల నాటి వస్తువుల మీద మోజు అని తేల్చేయడం మామూలే. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఫైబర్‌గ్లాస్‌ను పనికిరానిదిగా నిర్ణయించింది ఎంత దూరం విసరగలం అన్న కొలబద్ద. చిన్న వాగులో ఇరవై, ముప్పై అడుగుల దూరాన ట్రౌట్ అనే చేపను పట్టేవాడికి ఆ కొలబద్దతో పనే లేదు. అందుకని మంచి పాత గాజు రాడ్‌ను పురావస్తువుగా కాక పనిముట్టుగా చూడాలి, పనిముట్టును ఎంచినట్టే ఎంచి కొనాలి.

చెరువు గట్టున గాలం వేసేవాడికి ఎర బరువు, సీసపు గుండు బరువు కలిసి దారాన్ని లాక్కుపోతాయి. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. కొక్కానికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన ‘ఫ్లై’కి చెప్పుకోదగ్గ బరువుండదు. బరువంతా దారానిది, అంటే లైనుది; విసిరేదీ లైనునే. బరువును బట్టి నంబర్లిచ్చే లైన్లలో 5వ నంబరుది మొదటి 30 అడుగులు తూస్తే సుమారు 9 గ్రాములు. అది వెనకవైపు గాలిలో పూర్తిగా చాచుకున్నాక ముందుకు తోస్తే రాడ్ వంగుతుంది, చెయ్యి ఆపగానే నిటారవుతూ లైనును ముందుకు పంపుతుంది. రాడ్ బాగోగులన్నీ ఈ వంగి లేవడంలోనే ఉన్నాయి. లైను నిండుగా బయట ఉన్నప్పుడు వంగడం ఏ రాడ్‌కైనా తేలికే. ఇరవై అడుగుల లైను మాత్రమే బయట ఉన్నప్పుడు, అంటే లాగే బరువు 5, 6 గ్రాములకు పడిపోయినప్పుడు కూడా వంగుతుందా లేదా అన్నది చిన్న వాగులో అసలు పరీక్ష.

ఫైబర్‌గ్లాస్ రాడ్ యుద్ధకాలపు బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల రాడార్ తొడుగుల వంటి వాటికోసం గాజు పోగులను రెసిన్‌లో తడిపి గట్టిపరిచే పద్ధతి ఊపందుకుంది. ఆ రెసిన్ల పరిశ్రమలోనే పనిచేస్తున్న ఆర్థర్ హోవాల్డ్ అనే అమెరికన్, 1944లో విరిగిన తన వెదురు రాడ్ కొసకు బదులుగా గాజు పోగులతో కొత్త కొస చేసుకున్నాడు. మిషిగన్ రాష్ట్రం కలమజూ పట్టణంలోని షేక్‌స్పియర్ కంపెనీ (నాటకాలాయనతో సంబంధం లేదు, స్థాపించిన వ్యక్తి పేరే అది) ఆ పద్ధతిని తీసుకుని, యుద్ధం ముగిసిన ఒకటి రెండేళ్లకే ‘వండర్‌రాడ్’ పేరుతో బజారులో పెట్టింది. తర్వాతి నెట్టు రాజకీయాలది. మేలైన వెదురు రాడ్లకు కావలసిన టోంకిన్ వెదురు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చేది. కొరియా యుద్ధంతో 1950లో చైనా సరుకు మీద అమెరికా నిషేధం పెట్టింది. వెదురు రాక ఆగింది, గాజుకు మైదానం ఖాళీ అయింది. కొస వైపు సన్నబడే ఉక్కు కడ్డీ చుట్టూ రెసిన్ పట్టించిన గాజు గుడ్డను చుట్టి, పైన పలచని టేపు బిగించి, ఓవెన్‌లో కాల్చి, కడ్డీని లాగేస్తే బోలు గొట్టం మిగులుతుంది. అదే రాడ్‌కు ఒళ్లు. మన కోస్తాలో చెక్క పడవల స్థానంలోకి వచ్చిన ఫైబర్ బోట్లు చేసేదీ ఈ గాజు, రెసిన్ జోడీతోనే. వాటిని వాడేవాళ్లకు దీని మొండితనం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పాతికేళ్లలో తయారీదారులు చవక సరుకుతో మొదలై చాలా దూరం వెళ్లారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక సరస్సు పక్కన పుట్టి దాని పేరే పెట్టుకున్న ఫెన్విక్ కంపెనీ, రాడ్ ముక్కలను కలిపే లోహపు గొట్టాలను తీసేసి గాజులోకి గాజే దిగే అతుకును ప్రచారంలోకి తెచ్చింది. దాంతో వంపు మధ్యలో బిర్రుగా నిలిచే లోహపు ముక్క పోయింది. డెన్వర్‌లో ఫిలిప్సన్, శాన్ ఫ్రాన్సిస్కోలో విన్‌స్టన్, కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక్కొక్క రాడ్‌నూ చేత్తో తీర్చిన రస్ పీక్ గాజుతో ఏం చేయవచ్చో చూపించారు. చిత్రమేమిటంటే గాజు అతుకును చక్కదిద్దిన ఫెన్విక్కే 1970ల మొదట్లో కార్బన్ రాడ్‌ను బజారుకు తెచ్చి గాజు కాలానికి తెర దించింది.

కార్బన్ గెలుపు ఉత్తుత్తిది కాదు. కార్బన్ పోగు మామూలు గాజు పోగుకంటే సుమారు మూడు రెట్లు బిర్రు. బరువు చూస్తే దాదాపు డెబ్బై శాతమే. అంటే ఒకే బిర్రుదనం కావాలంటే గాజుతో గోడ మందంగా, గొట్టం లావుగా చేయక తప్పదు. రాడ్ పొడవు పెరిగేకొద్దీ ఈ తేడా సూటిగా కాక ఎగబాకుతూ పెరుగుతుంది. పిడి నుంచి బరువు ఎంత దూరంలో ఉందో, ఆ దూరం వర్గాన్ని బట్టి దాన్ని ఊపడం కష్టమవుతుంది మరి. తొమ్మిది అడుగుల గాజు రాడ్ కొస బరువెక్కి, చేతిలో వాలిపోతూ, విసిరాక కూడా చాలాసేపు ఊగుతూ ఉంటుంది. దాన్ని వదిలించుకున్నవాళ్లది తప్పు కాదు. ఏడు, ఏడున్నర అడుగుల దగ్గర కథ వేరు. ఆ పొడవులో మంచి గాజు రాడ్ బరువు 100 గ్రాములు అటూఇటూ. తొమ్మిది అడుగుల నేటి కార్బన్ రాడ్ 80 గ్రాములు అనుకున్నా, ఆ తేడా చేతికి భారం కాదు. పైగా అక్కడ గాజు మెత్తదనమే అక్కరకొస్తుంది: కొద్ది లైనుకే వంగుతుంది, కొద్ది చేతి కదలికకే పనిచేస్తుంది. తెగేముందు గాజు పోగు నాలుగైదు శాతం సాగుతుంది, కార్బన్ రెండు శాతం లోపే. లైను కొసన కట్టే దారం మందం 0.127 మిల్లీమీటర్లే ఉన్నప్పుడు, చేప తటాలున గుంజితే ఆ కుదుపును రాడ్ మింగాలి. లేదా దారం తెగాలి. బరువు పూసలు కట్టిన ఫ్లై పొరపాటున రాడ్‌కు తగిలినా గాజు ఓర్చుకుంటుంది. కార్బన్‌కు పడిన చిన్న గాటే రేపు దాన్ని విరగ్గొట్టవచ్చు.

ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వదిలేశారన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబులో సగం పైన చెప్పినదే. సముద్రపు చేపలకు, పెద్ద నదులకు, గాలి కొట్టే చోట్లకు కార్బన్ నిజంగా మేలు. చిన్న వాగుకు, పెద్ద నదికి రెండు పదార్థాలతో రెండు తయారీలు నడపడంకంటే అన్నిటినీ ఒకదానితోనే చేయడం కంపెనీకి లాభం. మిగతా సగం అమ్మకం తీరులో ఉంది. దుకాణం బయట ఖాళీ స్థలంలో రాడ్‌ను పరీక్షించే కొనుగోలుదారు యాభై, అరవై అడుగులు విసిరి చూస్తాడు. తలమీద కొమ్మలు లేవు, ఎదురుగా ట్రౌట్ లేదు. అక్కడ నెగ్గే రాడ్ బిర్రుగా ఉన్నదే. అలా ఏడాదికేడాది బిర్రుదనం పెరుగుతూ పోయింది. చివరికి ఆ రాడ్లను వంచడానికి లైన్ల కంపెనీలు నంబరుకు మించిన బరువుతో లైన్లు తయారుచేస్తున్నాయి. మెత్తటి రాడ్‌తో తీరే అవసరాన్ని బరువైన లైనుతో తీర్చుకోవడం ఇది. మార్కెట్ తీర్పును తోసిపుచ్చలేం గానీ, అది ఏ ప్రశ్నకు ఇచ్చిన తీర్పో చూడాలి.

ఇంకో అభ్యంతరం చేప తరఫున వినిపిస్తుంది. మెత్తటి రాడ్‌తో చేపను ఒడ్డుకు తేవడానికి ఎక్కువసేపు పడుతుంది, అలసిపోయిన చేపను తిరిగి నీళ్లలో వదిలినా బతకదు అని. పెద్ద చేపల విషయంలో ఇది నిజం. వాటికి ఈ రాడ్ వాడకూడదు. జానెడు, మూరెడు వాగు ట్రౌట్‌ల విషయంలో చేప మీద ఎంత బలం పెట్టగలమో నిర్ణయించేది రాడ్ కాదు, కొసదారం. దారం తెగుతుందన్న భయం తగ్గితే దాని బలాన్ని చివరంటా వాడుకోవచ్చు కాబట్టి, రాడ్‌ను పక్కకు వాల్చి పిడి వైపు బలంతో లాగడం తెలిసినవాడికి గాజు రాడ్ ఆలస్యం చేయదు. నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఏ రాడ్‌తోనూ ట్రౌట్ జోలికి పోకపోవడమే మంచిది.

కొనేటప్పుడు ముందు చూడవలసింది పేరు కాదు, పొడవు. పిడి పైన రాసి ఉన్న పొడవుతో అసలు రాడ్‌ను టేపు పెట్టి సరిచూడాలి. ఏడున్నర అడుగులని రాసి రెండంగుళాలు తక్కువుంటే కొస ఎప్పుడో విరిగిందనే అర్థం; కొస ఉంగరం మళ్లీ అతికించి ఉంటారు, వంగే తీరు మాత్రం పోయి ఉంటుంది. రెండు ముక్కలూ సమానంగా ఉండాలన్నది కూడా ఇలాంటి లెక్కే. తర్వాత అతుకు. లోహపుదైతే వదులు లేకుండా దిగాలి, ఊపితే టకటకలాడకూడదు. ఒక ముక్కలోంచి గాజు కడ్డీ పొడుచుకొచ్చి రెండో ముక్కలోకి దిగే రకమైతే, బిగించాక మధ్యలో కాస్త సందు ఉండడమే మంచి లక్షణం. అరుగుదలకు వదిలిన చోటది. సందు పూర్తిగా మూసుకుపోతే అతుకు అరిగిపోయిందన్నమాట. కొంచెం వదులైన గాజు అతుకుకు పారాఫిన్ మైనం రుద్దితే చాలు. లైను జారే ఉంగరాల్లో గాడి పడిందా, కార్క్ పిడి పెళుసెక్కిందా అన్నవి మార్చుకోగల లోపాలే. ఒంటి మీద అడ్డంగా తెల్లటి గీత కనిపించినా, వేళ్లతో నొక్కితే ఎక్కడైనా మెత్తగా తగిలినా ఇక బేరమాడక్కర్లేదు, వదిలేయాలి. అదృష్టమేమిటంటే గాజు వెదురులా చెమ్మకు చెడదు, ఏళ్ల తరబడి మూలకు ఆనించినా వంకర పోదు. యాభై ఏళ్లు గ్యారేజీలో పడి ఉన్నది నిక్షేపంగా దొరకడం వింత కాదు.

లైను విషయంలో పాత రాడ్ల మీద రాతలు తికమకపెడతాయి. 1960ల తొలినాళ్ల వరకు లైన్లను బరువుతో కాక మందంతో కొలిచి అక్షరాలు ఇచ్చేవారు. పట్టు లైన్ల కాలంలో అది సరిపోయింది. నైలాన్, ప్లాస్టిక్ పూత లైన్లు వచ్చాక ఒకే మందానికి రకరకాల బరువులు కావడంతో నేటి నంబర్లు వచ్చాయి. రాడ్ మీద హెచ్‌ఈహెచ్ అని ఉంటే సుమారు 5, హెచ్‌డీహెచ్ అంటే 6, హెచ్‌సీహెచ్ అంటే 7 అని అనుకోవచ్చు. దానికి నంబరుకు మించి బరువున్న నేటి లైను తొడిగి, మరీ మెత్తగా ఉందని రాడ్‌ను తిట్టడం అన్యాయం. నంబరుకు తగ్గ బరువుతో, రెండు కొసలూ సన్నబడే లైను దీనికి నప్పుతుంది. చెయ్యీ కొంచెం నిదానించాలి, వెనక లైను చాచుకునేదాకా ఆగాలి.

ధర మాత్రం పేరును బట్టే. రస్ పీక్ రాడ్లు, మంచి విన్‌స్టన్‌లు ఇప్పటికే సేకర్తల చేతుల్లోకి పోయాయి. షేక్‌స్పియర్, హెడ్డన్, ఈగిల్ క్లా వంటివి లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి గనుక వంద డాలర్ల లోపే తరచూ దొరుకుతాయి. పేరుమోసిన కొత్త కార్బన్ రాడ్ వెయ్యి డాలర్లు దాటుతున్న రోజులివి. కొలరాడోలోనో వాషింగ్టన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది అందుబాటులోని సరదా, రాష్ట్రపు ఫిషింగ్ లైసెన్సు తీసుకుంటే చాలు. ఇక్కడ మన గోదావరి, కృష్ణల వెచ్చని నీళ్లలో ట్రౌట్ బతకదు. నీలగిరులకో, మున్నార్‌కో, హిమాచల్, కాశ్మీర్ వాగులకో పోవాలి. అక్కడివి కూడా ఇంగ్లీషువాళ్లు తెచ్చి వదిలిన చేపల సంతతే.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం చివరిది: ఇప్పుడు ఆర్విస్, రెడింగ్టన్ వంటి కంపెనీలే మళ్లీ గాజు రాడ్లు చేస్తున్నాయి కదా, పాతదాని వెంట పడడం ఎందుకు? ఎస్-గ్లాస్ అనే రకం పోగు మామూలు గాజుకంటే సుమారు ఇరవై శాతం బిర్రు కాబట్టి, దాంతో చేసిన కొత్త రాడ్ సన్నగా, తేలిగ్గా ఉంటుంది. విరిగితే కంపెనీ పూచీ ఉంటుంది. ఇది ఒప్పుకోక తప్పదు. కంపెనీలు తిరిగి గాజు వైపు రావడమే చిన్న వాగులో దాని విలువకు సాక్ష్యమనీ అనుకోవచ్చు. డబ్బు ఉండి ఒక్క రాడ్‌తో సరిపెట్టుకోవాలనుకునేవాడు కొత్తదే కొనడం మంచిది, విమానంలో తిరిగేవాడైతే మరీను. ఏడున్నర అడుగుల పాత రాడ్ రెండే ముక్కలు, ఒక్కో ముక్క 114 సెంటీమీటర్లు; ఏ సూట్‌కేసులోనూ పట్టదు. నాలుగు ముక్కల కొత్త గాజు రాడ్ పడుతుంది. కారు వెనక సీటులో రాడ్ పడేసి వాగుకు పోగలిగేంత దగ్గరలో ఉండేవాడికి మాత్రం, కొస విరగని ఏడడుగుల ఫెన్విక్ దొరికితే ఆ సొమ్ముకు అంతకంటే మంచి బేరం కొత్త సరుకులో లేదు.