సీటు బెల్టు పని చేయు విధానము

“వదులుగా జారుచుండు ఈ పట్టీ మనుష్యుని ఎట్లు ఆపగలదు?” అని గ్రామములలో పలువురు సందేహించుచున్నారు. ఆ సందేహమును తీర్చుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడను ఢీకొన్నచో కారు ఆగును. లోనివారు మాత్రము అదే వేగముతో ముందుకు పోవుదురు. ఆ తాకిడి సుమారు 10 మీటర్ల తాటిచెట్టు తలనుండి నేలపై పడుటతో సమానము. చేతులతో ఆపుకొనుట అసాధ్యము.

స్వీడన్ దేశమందలి వోల్వో సంస్థలో ఇంజనీరగు నిల్స్ బోలిన్ రూపొందించిన పట్టీ 1959లో వాడుకలోనికి వచ్చెను. అది మూడుచోట్ల బిగియుచు, తాకిడిని రొమ్ము ఎముకలకును తుంటి ఎముకలకును పంచిపెట్టును.

నేటి కార్లలో పట్టీ ఒక కండెకు చుట్టబడియుండును. స్ప్రింగు దానిని మెల్లగా వెనుకకు లాగుచుండుటచే మనము సుఖముగా వంగవచ్చును. బండి హఠాత్తుగా ఆగగానే లోనున్న చిన్న గుండు కదలి ఒక మీటను లేపును. అంతట పండ్లచక్రము పట్టుబడి, కండె తిరుగక నిలిచిపోవును. కనుక వదులుగా నుండుట లోపము కాదు.

క్రిందిపట్టీ కడుపుపై గాక తుంటి ఎముకలపై ఆనవలెను. గర్భిణులకు కడుపు క్రిందుగా నుండవలెను. పైపట్టీని చంక క్రిందుగా పోనీయరాదు. మెలిక పడనీయరాదు. పెద్ద ప్రమాదమున బిగిసిన పట్టీని మార్పించవలెను.

2019 చట్టసవరణ ననుసరించి పట్టీ ధరింపనివారికి 1000 రూపాయల జరిమానా కలదు. పంచాయతీ సభ్యులు మొదట తాము ధరించి, గ్రామసభలో ఈ సంగతులను విశదపరతురని ఆశించుచున్నాము.