చిట్టా రాసే గుమాస్తా ఒక్కడే అయితే?

గార్లదిన్నె: చీనీ కాయలను అనంతపురం యార్డుకు తోలే ఈ ప్రాంతపు రైతుకు వరుస విలువ వేరే చెప్పనక్కరలేదు. వేలంలో తన రాశి వంతు వచ్చేసరికి కొనేవారి అవసరం తీరిపోతే టన్ను ధర దిగిపోతుంది. సరుకు అదే, తూకం అదే. మారింది వంతు మాత్రమే. క్రిప్టో వర్తకంలో నేడు నడుస్తున్న ఒక వాదం కూడా ఈ వంతు గురించే.

ఈథీరియమ్ బ్లాక్‌చెయిన్‌ను ఆవర్జా అనుకోవచ్చు. ప్రతి బేరాన్నీ విడివిడిగా అందులో రాయించటం ఖర్చుతో కూడిన పని. అందుచేత ఆర్బిట్రమ్, బేస్, ఆప్టిమిజమ్ వంటి 'రోలప్' వ్యవస్థలు వేరే చిట్టా పెట్టాయి. బేరాలను చిట్టాలో వరుసగా రాసి, కట్టగా ఆవర్జాకు ఎక్కిస్తాయి. ఆ వరుసను నిర్ణయించే కంప్యూటరు పేరు సీక్వెన్సర్. పెద్ద రోలప్‌లలో చాలావాటికి ఈ గుమాస్తా ఒక్కడే. అతన్ని నడిపే సంస్థా ఒక్కటే.

ఖాతాదారు సొమ్మును గుమాస్తా తన పేర రాసుకోలేడు. దానికి ఆవర్జా దగ్గర తనిఖీ ఉన్నది. కాని పెద్ద కొనుగోలు వస్తున్నదని పసిగట్టి తన బేరం ముందు రాసుకోవచ్చు. ఒకరి బేరాన్ని ఆపి ఉంచవచ్చు. గుమాస్తా మంచాన పడితే అంగడే ఆగిపోతుంది. 2023 డిసెంబరు 15న ఆర్బిట్రమ్ గంటకు పైగా, 2025 ఆగస్టు 5న బేస్ 33 నిమిషాలు నిలిచిపోయాయి. గుమాస్తాను తప్పించి నేరుగా ఆవర్జాకు వెళ్లే దారి ఉన్నది. అయితే అందుకు ఆర్బిట్రమ్‌లో 24 గంటలు, ఆప్టిమిజమ్‌లో 12 గంటల వరకు పట్టవచ్చు. నిమిషానికొక ధర పలికే చోట అది పెద్ద ఊరట కాదు.

విరుగుడుకు రెండు మార్గాలు సూచిస్తున్నారు. పూచీ సొమ్ము కట్టిన పలువురు గుమాస్తాలు వంతులవారీగా రాయటం ఒకటి. మెటిస్ 2024లో ఈ పద్ధతి చేపట్టింది. వరుసను ఈథీరియమ్ నిర్వాహకులకే వదిలేయటం రెండవది. 2024 మేలో ప్రారంభమైన టైకో ఈ ఆలోచనతో పుట్టింది. ఆర్బిట్రమ్ మాత్రం 2025 ఏప్రిల్‌లో నిమిషానికొక వేలం మొదలుపెట్టింది. పాడుకున్నవారికి సెకనులో అయిదో వంతు ముందు అవకాశం లభిస్తుంది. అంటే కలం పంచలేదు, ముందు వరుసను అమ్మకానికి పెట్టారు.

గుమాస్తాలు పెరిగితే వారిలో వారికి పొత్తు కుదరటానికి వేళ పడుతుంది; ఆ ఆలస్యాన్ని వర్తకులు ఓర్చరు. సంస్థల వెనుకంజకు ఇదొక కారణం, వరుస రాసినందుకు మిగిలే రుసుము మరొకటి. కనుక మదుపరులు రుసుము ఎంత చవక అన్నదొక్కటే చూడక, కలం ఎవరి చేతిలో ఉన్నదో, అది ఆగితే సొమ్ము బయటపడటానికి ఎన్ని గంటలు పడుతుందో ముందుగా విచారించుకోవటం మంచిది.